ముక్కు పైకి వెళ్లదు, వెనక్కి వెళ్తుంది

కరోనా పరీక్ష కోసం ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్లకు ఆ అనుభవం ఇంకా గుర్తుండే ఉంటుంది. పుల్ల పైకి, నుదుటి వైపు వెళ్తుందని చాలామంది అనుకున్నారు. అది కాస్తా నేరుగా వెనక్కి, చెవి ఉన్న దిక్కుకు వెళ్లింది. లోపల ఇంత చోటుందా అనుకునేలోపే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముఖం మీద కనిపించే ముక్కు కింద నుంచి పైకి ఉంటుంది కాబట్టి లోపలి దారి కూడా అలాగే ఉంటుందనుకుంటాం. కానీ ముక్కుకు నేల ఏదంటే నోటి పైకప్పే. నాలుక కొనతో అంగిలిని ఒకసారి తడిమి చూడండి. సరిగ్గా దాని పైనే, దానికి సమాంతరంగా, ముక్కు దారి వెనక్కి సాగుతుంది. పెద్దవాళ్లలో సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్లు పోయాక గొంతు పైభాగపు వెనక గోడ తగులుతుంది.

ఈ సంగతి తెలియకే ముక్కు స్ప్రేలు చాలామందికి పనిచేయవు. తల వెనక్కి వాల్చి, సీసా నిలువుగా పెట్టి కొట్టుకుంటారు. మందు కొంత నడిమి గోడకు తగులుతుంది, మిగతాది గొంతులోకి జారి చేదుగా అనిపిస్తుంది. తల కాస్త ముందుకు వంచి, సీసా మొనను అదే వైపు కంటి బయటి మూల దిక్కుకు పెట్టి కొడితే మందు చేరాల్సిన చోటికి చేరుతుంది. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడితే ఆ కోణం దానంతట అదే కుదురుతుంది.

ముక్కు, సైనస్‌లు, గొంతు గురించి మనకున్న అయోమయంలో చాలా భాగం వీటిని గొట్టాలనుకోవడం వల్ల వచ్చిందేనని నాకనిపిస్తుంది. గొట్టమైతే మూసుకుపోయినప్పుడు పొడిస్తే తెరుచుకోవాలి, ఇరుకైతే వెడల్పు చేస్తే సరిపోవాలి. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ముక్కు లోపలి నుంచి సైనస్ గదుల్లోకి, చెవి గొట్టంలోకి, గొంతులోకి ఎక్కడా తెగకుండా పరుచుకున్న తడిపొర ఒకటుంది. అది ఉబ్బుతుంది, తగ్గుతుంది, గాలిని వేడి చేస్తుంది, తన మీద పడిన ప్రతి దుమ్ము కణాన్నీ ఒక దిక్కుకు నెడుతుంది. దారి ఎంత వెడల్పుగా ఉందన్నదాని కన్నా ఆ పొర తన పని తాను చేయగలుగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

ముక్కులో "కండ"

ముక్కును రెండుగా విడదీసే నడిమి గోడను మనం దూలం అంటాం. వేలితో కదిలిస్తే కదిలే ముందు భాగం మెత్తటి మృదులాస్థి, వెనక భాగం రెండు పల్చటి ఎముక పలకలు. ఈ మూడూ అతుక్కునే చోట కొద్దో గొప్పో వంపు లేనివాళ్లు అరుదు. అందుకే స్కాన్ రిపోర్టులో "దూలం వంకర" అని కనిపించగానే టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆ వంకర వల్ల ఊపిరికి నిజంగా ఇబ్బంది ఉంటేనే దాని గురించి ఆలోచించాలి.

దూలం ముందు భాగంలో, వేలు కొన తగిలేంత దగ్గరలో, సన్నటి రక్తనాళాలు నాలుగైదు వైపుల నుంచి వచ్చి కలుసుకుంటాయి. ముక్కు నుంచి రక్తం కారడమన్నది ఎక్కువసార్లు ఇక్కడి నుంచే. చోటు ఎక్కడో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలిసిపోతుంది. తల వెనక్కి వాల్చకూడదు, వాలిస్తే రక్తం గొంతులోకి దిగుతుంది. ముందుకు వంగి కూర్చుని, ఎముక మీద కాకుండా కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, మధ్యలో వదిలి చూడకుండా 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. పావుగంట తర్వాత కూడా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక పక్క గోడలు. నా ముక్కులో ఎండోస్కోప్, అంటే సన్నటి కెమెరా గొట్టం, పెట్టి తెర మీద చూపించినప్పుడు మొదట కనిపించింది తడిగా మెరుస్తున్న గులాబీ రంగు ఉబ్బు ఒకటి. గడ్డేమోనని నా గుండె ఆగినంత పనైంది. "ఇది అందరికీ ఉండేదే, టర్బినేట్" అన్నారు డాక్టర్. ప్రతి వైపు గోడ నుంచి ఇలాంటివి మూడు, ఒకదాని పైన ఒకటి, వంగిన అరల్లా ముందుకు వస్తాయి. అన్నిటికన్నా కిందిది పెద్దది, ముక్కు పొడవునా సాగుతుంది. లోపల సన్నటి ఎముక, పైన రక్తంతో నిండి ఉబ్బగలిగే మెత్తటి కణజాలం ఉంటాయి. "ముక్కులో కండ పెరిగింది" అని మనవాళ్లు అనే మాటకు చాలాసార్లు అర్థం ఈ కింది టర్బినేట్ ఉబ్బడమే. అదే మాటను పాలిప్‌లకు కూడా వాడతారు, అవి వేరే, తడిపొర వాచి వేలాడే ఉబ్బులు. పాలిప్ పాలిపోయి, తొక్క తీసిన ద్రాక్షపండులా ఉంటుంది, తాకినా నొప్పి తెలియదు. టర్బినేట్ ఎర్రగా ఉంటుంది, తాకితే ఉలిక్కిపడతాం. మాట ఒకటే అయినా వైద్యం ఒకటి కాదు కాబట్టి, ఎవరైనా కండ పెరిగిందంటే అది టర్బినేటా, పాలిప్పా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

టర్బినేట్లు రెండు వైపులా ఒకేసారి ఒకేలా ఉండవు. కుడివైపుది ఉబ్బితే ఎడమవైపుది తగ్గుతుంది, కొన్ని గంటలకు ఆ వంతు మారుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. ఒక చల్లటి అద్దం తీసుకుని ముక్కు కింద అడ్డంగా పెట్టి మెల్లగా ఊపిరి వదలండి. రెండు ఆవిరి మచ్చలు పడతాయి, సాధారణంగా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండు మూడు గంటలాగి మళ్లీ చూస్తే చాలామందిలో పెద్దది ఇంకో వైపుకు మారి ఉంటుంది. ఒక పక్కకు తిరిగి పడుకుంటే కింద ఉన్న వైపు ఇంకాస్త బిగుసుకుంటుంది. కాబట్టి "ఎప్పుడూ ఏదో ఒక ముక్కు మూసుకునే ఉంటోంది" అన్నది చాలామంది విషయంలో జబ్బు కాదు. కానీ ఎప్పుడు చూసినా ఒకే వైపు మూసుకుని ఉంటే మాత్రం చూపించుకోవాలి.

అసలు ఈ అరలెందుకు? పెద్ద మనిషి రోజుకు దాదాపు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. ఊపిరితిత్తుల సన్నటి గోడలు చల్లటి, పొడి గాలిని తట్టుకోలేవు. అందుకని గాలి గొంతు చేరేలోపే, సెకను కూడా పట్టని ఆ కాస్త ప్రయాణంలోనే, దాన్ని 30 డిగ్రీలు దాటేంత వేడి చేసి తేమతో నింపాలి. వెడల్పైన గొట్టంలో ఇది జరగదు, గాలి మధ్యలోంచి గోడ తగలకుండా జారిపోతుంది. సన్నటి సందుల్లో గోడల్ని రాసుకుంటూ పోతేనే వేడి, తడి అందుతాయి. ముక్కులో ఆ ఇరుకు ఉన్నదే అందుకు.

దీనికి రుజువు ఒకప్పుడు ఆపరేషన్లు చేయించుకున్న కొందరి బాధలో దొరికింది. ముక్కు దిబ్బడ పోవాలని టర్బినేట్లను మొత్తంగా తీసేసిన రోజులున్నాయి. అలా చేయించుకున్నవాళ్లలో కొంతమందికి లోపల పెద్ద హాలంత చోటు ఏర్పడింది, అయినా ఊపిరి ఆడడం లేదని విలవిల్లాడారు. ఖాళీ ముక్కు జబ్బు అంటారు దీన్ని. గాలి లోపలికి పోతోందని మనకు తెలిసేది అది గోడకు చల్లగా తగిలినప్పుడు, ఆ చల్లదనాన్ని పట్టే నరాలు మెదడుకు చెప్పినప్పుడు. తాకే గోడే లేకపోతే ఎంత గాలి పోతున్నా తెలియదు. మెంథాల్ చేసేది దీనికి తిరగేసిన పని. పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది కానీ, గాలిని కొలిచి చూస్తే దారిలో తేడా ఏమీ ఉండదు. అది తట్టి లేపింది చల్లదనపు నరాల్ని మాత్రమే.

నిమిషానికి అర సెంటీమీటరు

తడిపొర మీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. సీలియా అంటారు. సెకనుకు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటూ, తమ పైనున్న చీమిడి పొరను అన్నీ ఒకే దిక్కుకు, వెనక్కి, తోస్తాయి. వేగం నిమిషానికి అర సెంటీమీటరు పైచిలుకు. ముక్కు వైద్యులు దీన్ని కొలవడానికి వాడే ఒక పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. కింది టర్బినేట్ ముందు చివర నుంచి ఒక సెంటీమీటరు వెనక చిన్న శాకరిన్ పలుకు పెట్టి, గడియారం చూస్తూ కూర్చుంటారు. తుమ్మకూడదు, చీదకూడదు. ఆరోగ్యంగా ఉన్న ముక్కైతే ఓ పది, పదిహేను నిమిషాలకు గొంతు వెనక తియ్యగా తగులుతుంది. అరగంట దాటినా తీపి తెలియకపోతే నూగు సరిగా కదలడం లేదన్నమాట. మందులూ యంత్రాలూ ఏవీ లేకుండా, కంటికి కనిపించని ఆ కదలికను మనిషి నాలుక మీద రుచిగా తెలుసుకోవడం, ఎంత అందమైన ఆలోచన.

ముక్కులో తయారయ్యే చీమిడిలో చాలా భాగం ఇలాగే వెనక్కి పోయి, మనకు తెలియకుండా గుటకలో కలిసి కడుపులోకి దిగుతుంది. "ముక్కులోంచి గొంతులోకి ఏదో జారుతోంది" అని బాధపడేవాళ్లకు ఇది చెప్పాలి. అది అందరికీ, ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. చిక్కబడినప్పుడో, ఎక్కువైనప్పుడో, గొంతు మంటగా ఉన్నప్పుడో తెలుస్తుంది, అంతే. పొగ తాగితే నూగు దెబ్బతింటుంది, జలుబు వైరస్ దాన్ని రోజుల తరబడి పనికి రాకుండా చేస్తుంది. పడిశం తగ్గాక కూడా వారం పది రోజులు ముక్కు బరువుగా ఉండడానికి ఒక కారణం ఇదే. నూగు మళ్లీ మొలవాలి కదా.

తలుపు పైన పెట్టిన గది

"నాకు సైనస్ ఉంది" అంటుంటారు. అందరికీ ఉంటాయి. సైనస్ అంటే ముఖం ఎముకల్లో గాలితో నిండిన గది. బుగ్గల వెనక మాక్సిలరీ, నుదుటిలో ఫ్రాంటల్, రెండు కళ్ల మధ్య చిన్న చిన్న అరలుగా ఎత్మాయిడ్, బాగా వెనక, దాదాపు తల నడుమ స్ఫీనాయిడ్. నాలుగు జతలు. ఆ గది గోడ వాస్తే సైనసైటిస్. పుట్టినప్పుడు అన్నీ ఉండవు. బుగ్గవి, కళ్ల మధ్యవి చిన్నగా ఉంటాయి, నుదుటివి చాలా ఏళ్ల తర్వాత పెరుగుతాయి, కొందరు పెద్దవాళ్లలో అసలు ఏర్పడవు. మూడేళ్ల పిల్లవాడికి నుదుటి సైనస్ వాచిందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు, వాడికి ఆ గది ఇంకా సరిగా ఏర్పడే ఉండదు.

నాలుగింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బుగ్గ గది. పెద్దవాళ్లలో దాదాపు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాల నీళ్లు పట్టేంత. లియోనార్డో డా విన్చి 1489 ప్రాంతంలోనే పుర్రెను నిలువుగా కోసి దీన్ని బొమ్మ గీశాడు. 1651లో నథానియల్ హైమోర్ అనే ఇంగ్లీష్ వైద్యుడు వివరంగా వర్ణించాడు. ఈ గదికి ముక్కులోకి తెరుచుకునే తలుపు అడుగున ఉండాలని ఎవరైనా అనుకుంటారు. అది పైన, కంటి గూడుకు కాస్త కిందుగా ఉంది. కొన్ని మిల్లీమీటర్ల రంధ్రం. అంటే ఈ గది చెత్త బయటికి పోవాలంటే గోడల మీదుగా పైకి ఎక్కాలి. ఎక్కుతుంది కూడా. గది అడుగు నుంచి అన్ని గోడల మీదా నూగు ఆ ఒక్క తలుపు వైపే తోస్తుంది, భూమి ఆకర్షణను లెక్కచేయకుండా.

ఈ చిన్న విషయం ఒక ఆపరేషన్ చరిత్రనే మార్చింది. చాలా దశాబ్దాల పాటు సర్జన్లు మామూలు తర్కంతోనే ఆలోచించారు. చీము అడుగున నిలుస్తోంది కాబట్టి అడుగున, కింది టర్బినేట్ దగ్గర, కొత్త కన్నం పెడదాం, దానంతట అదే కారిపోతుంది. పెట్టారు. కొంతమందికి తగ్గింది, చాలామందికి మళ్లీ మళ్లీ వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో వాల్టర్ మెసర్‌క్లింగర్ అనే వైద్యుడు సైనస్ గోడల మీద చీమిడి ఎటు పోతోందో ఓపికగా గమనించి, ఎండోస్కోప్‌తో చూసి నమోదు చేశాడు. కొత్త కన్నం పెద్దగా తెరుచుకుని ఉన్నా, చీమిడి దాని పక్కనుంచే పోయి, పైనున్న పాత తలుపు దగ్గరికే ఎక్కుతోంది. నూగుకు తెలిసిన దారి అదొక్కటే. ఆ పాత తలుపు మూసుకుపోయి ఉంటే కింద ఎన్ని కన్నాలు పెట్టినా ఫలితం ఉండదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. బుగ్గ గది, నుదుటి గది, ఎత్మాయిడ్ ముందు అరలు, ఈ మూడూ విడివిడిగా ముక్కులోకి తెరుచుకున్నా, ఆ తలుపులన్నీ నడిమి టర్బినేట్ కింద ఒక ఇరుకు సందులోనే కలుస్తాయి. ఇరుకు అంటే అక్షరాలా మిల్లీమీటర్లలో. అక్కడ పొర కాస్త వాచి ఎదురెదురు గోడలు తగులుకుంటే నూగు కదల్లేదు, మూడు గదులూ ఒకేసారి మూతపడతాయి. లోపలి గాలిని పొర పీల్చేసుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది, నీరు చేరుతుంది, నిలిచిన నీటిలో బాక్టీరియా పెరుగుతుంది. నొప్పి బుగ్గలోనో నుదుటిలోనో తెలుస్తుంది, మూలం మాత్రం కళ్ల మధ్య ఆ సందులో ఉంటుంది. 1980ల నుంచి గ్రాజ్‌లో హైన్జ్ స్టామ్‌బర్గర్, అమెరికాలో డేవిడ్ కెనడీ ప్రచారంలోకి తెచ్చిన ఎండోస్కోపిక్ ఆపరేషన్, డాక్టర్లు ఫెస్ అనేది, చేసేది ఇదే. గదుల జోలికి పెద్దగా పోకుండా ఆ సందును విడిపిస్తుంది, అసలు తలుపును తెరుస్తుంది, మిగతా పని పొరకే వదిలేస్తుంది.

బుగ్గ గది నేల పై దవడ పళ్ల వేళ్లకు చాలా దగ్గర. కొందరిలో మధ్య ఎముక కాగితమంత పల్చన. అందుకే సైనస్ వాస్తే పై దంతాలు గుంజుతాయి. తలకిందులుగా కూడా జరుగుతుంది. పన్ను వేరు దగ్గర చీము పట్టి అది గదిలోకి పాకితే, ఒకే వైపు ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి వస్తుంది. ఎన్ని కోర్సుల మందులు వాడినా తగ్గని ఒంటి వైపు సైనస్‌కు దంత వైద్యుడి దగ్గర సమాధానం దొరకడం అరుదేమీ కాదు.

ఎత్మాయిడ్ అరలకూ కంటికీ మధ్య ఉన్న ఎముక ఇంకా సన్నం. జలుబుతో ఉన్న పిల్లలకు కనురెప్ప ఎర్రగా వాచి, కన్ను ముందుకు వచ్చినట్టున్నా, కదిలిస్తే నొప్పి అన్నా తెల్లారేదాకా ఆగకూడదు. స్ఫీనాయిడ్ గురించి ఒక్క మాట. దాని పైకప్పు మీదే, మెదడు కింద వేలాడే హార్మోన్ల గ్రంథి, పిట్యూటరీ, కూర్చుని ఉంటుంది, పక్కల నుంచి కంటి నరాలు, మెదడుకు పోయే పెద్ద ధమనులు పోతుంటాయి. పుర్రె తెరవకుండా ముక్కులోంచి పిట్యూటరీ గడ్డలు తీయగలుగుతున్నారంటే ఈ గది దారి ఇస్తోంది కాబట్టే.

ఈ గదులు ఊరికే ఖాళీగా పడి ఉండవు. వీటి గోడలు నైట్రిక్ ఆక్సైడ్ వాయువును తయారు చేస్తాయని 1990ల్లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అక్కడివారే 2002లో ఇంకో సంగతి చెప్పారు. నోరు మూసుకుని "మ్..." అని హమ్ చేస్తూ ఊపిరి వదిలితే, మామూలుగా వదిలినప్పటికన్నా ముక్కులోంచి ఆ వాయువు దాదాపు 15 రెట్లు ఎక్కువగా బయటికి వస్తుంది. ఆ కంపనం సైనస్ గాలినీ ముక్కు గాలినీ తలుపుల గుండా అటూ ఇటూ ఊపుతుంది. తలుపులు మూసుకుపోయి ఉంటే ఆ పెరుగుదల కనిపించదు.

ఇంత చెప్పాక, సైనస్ పేరు మీద మనం మోసే తలనొప్పుల సంగతి కూడా చెప్పాలి. జ్వరం లేకుండా, చీము లాంటి చీమిడి లేకుండా, మాటిమాటికీ వచ్చి పోయే నుదుటి నొప్పి, వెలుతురు పడకపోవడం, కడుపులో తిప్పడం ఉంటే అది చాలావరకు మైగ్రేన్. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లు చెమరుస్తాయి, అందుకే పొరబడతారు. ఏళ్ల తరబడి సైనస్ మందులు వాడి విసిగిపోయినవాళ్లలో ఎందరికో సరైన పేరు దొరికితే సగం బాధ తీరుతుంది.

చీమిడి రంగు చూసి యాంటీబయాటిక్ కొనుక్కోవడం ఇంకో పొరపాటు. ఆ పచ్చదనం మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్‌ది, వైరస్ జలుబులోనూ వస్తుంది. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, లేదా తగ్గుముఖం పట్టి మళ్లీ జ్వరంతో తిరగబెడితే, అప్పుడు బాక్టీరియాను అనుమానిస్తారు. ముక్కును క్షణాల్లో తెరిచే చుక్కల మందులు, జైలోమెటాజోలిన్ లాంటివి, వరసగా కొద్ది రోజులకు మించి వాడితే పొర వాటికి అలవాటు పడుతుంది. మందు దిగగానే ఇంకా ఎక్కువగా ఉబ్బుతుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. నెలలు, సంవత్సరాలు ఆ సీసాను జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు.

మలుపు దగ్గర

ముక్కు వెనక గోడకు చేరాక దారి కిందికి తిరుగుతుంది. ఆ మలుపులో, రెండు పక్కలా, చెవి నుంచి వచ్చే యూస్టేషియన్ గొట్టాల మూతులుంటాయి. పెద్దవాళ్లలో మూడున్నర సెంటీమీటర్ల పొడవు. మామూలుగా మూసుకునే ఉండి, గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో క్షణం తెరుచుకుంటాయి. విమానం దిగేటప్పుడు గుటక వేస్తే చెవిలో టప్ మనేది అదే. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, పక్కనే అడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే టాన్సిల్స్ లాంటి కండ, ఉబ్బి ఉంటాయి. పసివాళ్లకు జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు రావడం వెనకున్నది ఈ పొరుగే.

వాసన గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాసనను పట్టే పొర ముక్కు పైకప్పున చిన్న మచ్చంత ఉంటుంది. దాని నరాలు జల్లెడ లాంటి ఎముక కన్నాల గుండా నేరుగా మెదడుకు పోతాయి. మనిషిలో ఈ పనికి దాదాపు 400 రకాల గ్రాహకాలున్నాయి. వాటి జన్యువులను కనిపెట్టినందుకు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 2004లో నోబెల్ అందుకున్నారు. ఆ పొరకు రెండు దారుల్లో గాలి చేరుతుంది. ముందు నుంచి పీలిస్తే వాసన. నములుతున్నప్పుడు నోటి వెనక నుంచి ఈ మలుపు మీదుగా పైకి వెళ్తే దాన్ని మనం రుచి అంటాం. పడిశం పట్టినప్పుడు నాలుకకు ఏమీ కాదు, తీపీ ఉప్పూ తెలుస్తూనే ఉంటాయి. వెనక దారి మూసుకుపోవడం వల్లే తిండి చప్పబడుతుంది.

రెండు దారుల కూడలి

మలుపు దిగితే నోటి వెనక గొంతు. అద్దంలో కనిపించే కొండనాలుక, దానికి రెండు పక్కలా టాన్సిల్స్. ఇక్కడి నుంచి గాలీ తిండీ ఒకే దారిలో దిగాలి, అక్కడ ఓ చిక్కుంది. గాలి పైన, ముక్కు నుంచి వచ్చి, ముందున్న శ్వాసనాళంలోకి పోవాలి. తిండి ముందు, నోటి నుంచి వచ్చి, వెనకున్న అన్నవాహికలోకి పోవాలి. రెండు దారులూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. మింగే ప్రతి ముద్దా శ్వాసనాళం మూతి మీదుగా దాటాల్సిందే.

ఒక వేలు మెడ ముందు, గట్టిగా తగిలే గుబ్బ మీద ఆనించి గుటక వేయండి. గుబ్బ జర్రున పైకి లేచి, మళ్లీ దిగుతుంది. అది స్వరపేటిక. ఆ క్షణంలో లోపల జరిగేవి చాలా. మెత్తటి అంగిలి లేచి ముక్కును మూస్తుంది. మింగుతూ నవ్వితే పాలు ముక్కులోంచి రావడం ఈ మూత తప్పినప్పుడే. ఊపిరి ఆగుతుంది. స్వరపేటికలో మాటను పలికించే మడతలు, స్వరతంత్రులు, రెండూ దగ్గరికి వచ్చి బిగుసుకుంటాయి. స్వరపేటిక పైకి, ముందుకు కదిలి నాలుక మొదలు కిందికి దాక్కుంటుంది, ఎపిగ్లాటిస్ అనే మృదులాస్థి ఆకు దాని మీదకు వాలుతుంది. ఎప్పుడూ బిగించి ఉండే అన్నవాహిక మూతి అప్పుడే సడలుతుంది. ముద్ద జారిపోతుంది, ఊపిరి మళ్లీ మొదలవుతుంది, ఎక్కువసార్లు వదలడంతోనే, అంచున ఏదైనా మిగిలి ఉంటే అది బయటికి పోయేలా. అన్నీ కలిపి దాదాపు ఒక సెకను. ఈ వరస ఒక్క క్షణం తప్పితే పొలమారుతుంది. మాట్లాడుతూ తినేటప్పుడు ఎక్కువగా పొలమారేది, మూయాల్సిన తంత్రులను మాట కోసం తెరిచి ఉంచడం వల్లే. పక్షవాతం వచ్చినవాళ్లలో, బాగా పెద్దవయసు వాళ్లలో ఈ వరస నెమ్మదిస్తుంది. వాళ్లకు నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తుంటే అది పట్టించుకోవాల్సిన విషయం.

నెలల పిల్లల్లో స్వరపేటిక చాలా పైన ఉంటుంది. ఎపిగ్లాటిస్ దాదాపు మెత్తటి అంగిలిని తాకుతుంది. అందుకే వాళ్లు చప్పరిస్తూనే ముక్కుతో ఊపిరి తీసుకోగలుగుతారు, గుటక పడే క్షణం తప్ప. ముక్కు దిబ్బడేసిన పసిపాప పాలు వదిలేసి ఏడవడానికి కారణం ఆకలి లేకపోవడం కాదు, ఊపిరికి దారి లేకపోవడం. పెరిగేకొద్దీ స్వరపేటిక కిందికి దిగుతుంది. దాని పైన ఏర్పడిన పొడవాటి చోటే మనం అచ్చుల్ని, హల్లుల్ని మలిచే గది.

స్వరతంత్రులను మొదటిసారి చక్కగా చూసినవాళ్లలో చెప్పుకోవాల్సింది ఒక సంగీతం మాస్టారి గురించి. మాన్యుయెల్ గార్సియా 1854లో, పాట పాడేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలన్న ఆరాటంతో, దంత వైద్యులు వాడే చిన్న అద్దాన్ని తన గొంతు వెనక పెట్టుకుని, ఇంకో అద్దంతో సూర్యకాంతిని దాని మీదకు మళ్లించి, తన తంత్రులు తెరుచుకుని మూసుకోవడాన్ని తన కళ్లతోనే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లో రాయల్ సొసైటీకి నివేదించాడు. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ తంత్రులు సెకనుకు వందకు పైగా, ఆడవాళ్లలో రెండు వందల దాకా కొట్టుకుంటాయి.

ఆ తంత్రులను కదిలించే నరాల్లో ఎడమవైపుది దగ్గరి దారిలో రాదు. మెదడు నుంచి దిగుతూ గొంతును దాటి, ఛాతీలోకి పోయి, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కిందుగా చుట్టి, మళ్లీ మెడలోకి ఎక్కి స్వరపేటికను చేరుతుంది. ఛాతీలో గడ్డ పెరిగినా, ఆ ధమని ఉబ్బినా, నరం నలిగి ఎడమ తంత్రి కదలడం మానేస్తుంది. ఆ మనిషికి దగ్గు ఉండకపోవచ్చు, ఆయాసం ఉండకపోవచ్చు, గొంతు మాత్రం బొంగురుపోతుంది. అరిచి అరిచి గొంతు పోయిందనో, జలుబనో వారాలు గడిపేస్తారు. మూడు వారాలు దాటిన బొంగురు గొంతును, పొగ తాగేవాళ్లైతే మరీ, ఎండోస్కోప్‌తో చూపించుకోవాల్సిందే. తంత్రి కదలడం లేదని తేలాక డాక్టర్ మెడతో ఆగకుండా ఛాతీకి కూడా సీటీ స్కాన్ రాస్తే, గొంతు గురించి వస్తే ఛాతీకి ఎందుకని అనుకోకండి. ఆయన ఆ నరం వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్తున్నారు.